ఇంటిపని కార్మికుల నియామకం

జీతం తీసుకుని మరొకరి ఇంట్లో వంట చేయడం, అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, ఊడ్చి తుడవడం, పసిపిల్లల్ని చూసుకోవడం, మంచంపట్టిన పెద్దవాళ్లకు సేవ చేయడం వంటి పనులు చేసేవారిని ఇంటిపని కార్మికులు లేదా గృహ కార్మికులు అంటారు. డ్రైవర్లు, తోటమాలులు, ఒకే ఇంటికి కాపలా ఉండేవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ప్రపంచంలో ఇలాంటివారు సుమారు 7.56 కోట్ల మంది ఉన్నారనీ, వారిలో నలుగురికి ముగ్గురు స్త్రీలేననీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేసింది.

మన దేశంలో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. 2011-12 నాటి జాతీయ నమూనా సర్వే 39 లక్షల మంది అంది. అందులో 26 లక్షల మంది స్త్రీలు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో మాత్రం తాము ఇంటిపని చేస్తున్నామని స్వయంగా నమోదు చేసుకున్నవారు రెండున్నర కోట్లు దాటారు. ఉదయం రెండిళ్లు, మధ్యాహ్నం ఇంకో రెండిళ్లు చేసుకుని సాయంత్రానికి బస్తీ చేరే స్త్రీ సర్వే చేసేవారికి దొరకదు. దొరికినా ఆమె పనిని ఏ పేరు కింద రాయాలో వారికి తేలదు. ఏ కాగితం మీదా లేని ఉద్యోగానికి లెక్క కుదరకపోవడంలో వింత లేదు.

పని తీరును బట్టి వీరు మూడు రకాలు. గంటా రెండు గంటలు పనిచేసి వెళ్తూ నాలుగైదు ఇళ్లు పట్టుకునేవారు మొదటి రకం. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఒకే ఇంట్లో ఉండేవారు రెండో రకం. ఇంట్లోనే ఉండిపోయేవారు మూడో రకం. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ అపార్టుమెంట్లలో మొదటి రకం ఎక్కువ. చంటిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లలో మూడో రకం పెరుగుతోంది. కష్టాల్లో అందరికన్నా ఎక్కువ చిక్కుకునేది కూడా ఈ మూడో రకమే, ఎందుకంటే పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పే గడియారం ఆ ఇంట్లో ఉండదు.

చరిత్ర

తెలుగునాట ఇంటి చాకిరీ చాలాకాలం కూలికి చేసిన పని కాదు. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల గడీలలో కులానికో పని చొప్పున వెట్టి నడిచింది. దొర కూతురు అత్తవారింటికి వెళ్తే ఆమెతోపాటు ఆడబాపలుగా పేద పిల్లల్ని పంపేవారు. వారికి జీతమూ లేదు, మానుకునే స్వేచ్ఛా లేదు. వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ నడిపిన ఉద్యమమూ ఆ తర్వాతి సాయుధ పోరాటమూ ఆ వ్యవస్థను కూల్చాయి. కోస్తా, రాయలసీమ ఇళ్లలో పాలేర్లు, దాసీలు తిండిగింజలకూ పాత బట్టలకూ ఏడాది పొడుగునా పనిచేశారు. నేటికీ చాలా ఇళ్లలో మిగిలిన అన్నం, వాడిన చీర జీతంలో భాగమన్నట్టు మాట్లాడటం ఆ కాలం నుంచి వచ్చిన అలవాటే.

చట్టం ఇంటిపని మనిషిని గుర్తించిన క్రమం గమనించదగింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో నౌకరు చేసిన దొంగతనానికి ప్రత్యేకంగా 381వ సెక్షన్ పెట్టి, ఏడేళ్ల దాకా జైలు విధించారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్‌గా ఉంది. అదే నౌకరుకు కనీసం ఇంత జీతం ఇవ్వాలని చెప్పడానికి మాత్రం నూట నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1948 కనీస వేతనాల చట్టం ఇంటిపనిని తన షెడ్యూల్‌లో చేర్చలేదు. 1959లో రాజ్యసభలో ఇంటిపనివారి సేవా నిబంధనలపై ఒక ప్రైవేటు బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. ఆ తర్వాత వచ్చిన బిల్లులూ అంతే. 1980లో పుణెలో ఇంటిపని స్త్రీలు సమ్మె చేసి సంఘం పెట్టుకున్నారు. 1985లో ముంబయిలో సిస్టర్ జీన్ డెవోస్ జాతీయ గృహ కార్మికుల ఉద్యమాన్ని మొదలుపెట్టారు. ఈ ఒత్తిడి ఫలించి 2004లో కర్ణాటక, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత ఆ వారసత్వం రెండు రాష్ట్రాలకూ దక్కింది. తమిళనాడు, మహారాష్ట్ర వీరికోసం సంక్షేమ బోర్డులు కూడా పెట్టాయి.

2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంటిపని కూడా మిగతా పనుల్లాంటిదే అని, వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఉండాలని, ఉద్యోగ షరతులు కార్మికుడికి అర్థమయ్యేలా ముందే తెలపాలని అది చెబుతుంది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది గానీ ఇప్పటికీ ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించలేదు. జూన్ 16ను అంతర్జాతీయ గృహ కార్మికుల దినంగా జరుపుకుంటారు.

ఇప్పుడు వర్తించే చట్టాలు

ఇంటిపనివారి కోసమే చేసిన కేంద్ర చట్టం ఏదీ లేదు. 2025 జనవరి 29న ఉత్తరాఖండ్‌కు చెందిన ఒక కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టులో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఈ లోటునే ఎత్తిచూపింది. ఎలాంటి చట్టం అవసరమో పరిశీలించేందుకు పలు మంత్రిత్వశాఖలతో నిపుణుల కమిటీ వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రస్తుతానికి అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా కలిపి చూసుకోవలసిందే.

వాటిలో ఇంటి యజమానికి ఏ మినహాయింపూ ఇవ్వనిది బాలకార్మిక నిషేధం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించారు. 2016 సవరణతో పద్నాలుగు లోపు వారికి దాదాపు అన్ని ఉద్యోగాలూ నిషిద్ధమయ్యాయి. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం ఇది. ‘మా ఊరి పిల్లే, చదివిస్తున్నాం, పాపతో ఆడుకుంటుంది’ అన్న మాట ఈ చట్టం ముందు నిలవదు. నిలవకూడదు కూడా. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇలాంటి పిల్లల్ని వెతికి విడిపిస్తుంటారు.

2013 నాటి పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఒక పెద్ద అడుగు వేసింది. నివాస గృహం కూడా పని ప్రదేశమేనని స్పష్టంగా రాసింది. ఇంటిపని చేసే స్త్రీ జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ప్రాథమిక ఆధారం కనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో ఆ ఫిర్యాదును పోలీసులకు పంపాలి. మిగతా ఉద్యోగినుల విషయంలో కమిటీయే విచారణ జరుపుతుంది. ఇంట్లో జరిగిన వేధింపును నేరుగా నేరంగా చూడాలన్నది ఈ తేడాలోని ఉద్దేశం.

వేతనాల సంగతి అంత తేటగా లేదు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, కనీస వేతనాల చట్టం వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. షెడ్యూల్ పద్ధతి పోయి ఉద్యోగులందరికీ కనీస వేతనం అన్న సూత్రం వచ్చింది. పాత నోటిఫికేషన్లు కోడ్‌కు విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి. అయితే కోడ్ ‘సంస్థ’ను నిర్వచించిన తీరులో ఒక కుటుంబం నివసించే ఇల్లు ఇముడుతుందా అన్నది వాదనకు తావున్న విషయం. పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం ‘పరిశ్రమ’ నుంచి ఇంటి సేవను తీసేసింది. అంటే అకారణంగా పనిలోంచి తీసేశారని లేబర్ కోర్టుకు వెళ్లే దారి మూసుకున్నట్టే. సామాజిక భద్రత కోడ్ ఇంటిపనివారిని అసంఘటిత కార్మికులుగా గుర్తించింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం నుంచి వచ్చిన గుర్తింపు ఇది. అయితే పథకాలకు అర్హత ఇచ్చిందే తప్ప, ఇంటి యజమాని మీద పీఎఫ్, ఈఎస్‌ఐ వంటి భారం పెట్టలేదు. ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, బోనసు వంటివి ఆచరణలో వీరి దాకా రావు.

అప్పిచ్చి, అది తీరేదాకా మానడానికి వీల్లేదని కట్టిపడేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మూడేళ్ల దాకా జైలు ఉంది. అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు. నెలనెలా ఎంత కోసుకుంటారో ముందే చెప్పి, మానేసినా మిగిలింది మామూలు అప్పుగానే చూడాలి.

పనికి కుదుర్చుకోవడం

మన ఇళ్లలో నియామకం సాధారణంగా పక్కింటివారి మాట మీదో, వాచ్‌మన్ భార్య ద్వారానో జరుగుతుంది. బేరం గుమ్మం దగ్గర నిలబడే ముగుస్తుంది. ‘ఎంతిస్తారమ్మా’, ‘ఇదివరకు ఆవిడకి ఇంత ఇచ్చాం’ అన్న రెండు మాటలతో ఏళ్ల తరబడి సాగే ఉద్యోగం ఖాయమైపోతుంది. తగాదాలన్నీ ఆ గుమ్మంలో మాట్లాడుకోని విషయాల మీదే వస్తాయి. చుట్టాలొస్తే పెరిగే అంట్లు ఎవరి లెక్క? ఊరెళ్లి వారం రోజులు ఇల్లు తాళం వేస్తే జీతం కోస్తారా? ఆమె నాగా పెడితే కోత ఉంటే, ఆదివారం పిలిస్తే అదనపు డబ్బుందా? ఇవి ముందే తేల్చుకుని ఒక కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మేలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. చేయవలసిన పనులు, రాకపోకల వేళలు, జీతం, ఇచ్చే తేదీ, వారంలో సెలవు, ఏడాదిలో జీతంతో కూడిన సెలవులు, జబ్బు చేస్తే ఏర్పాటు, పండుగ బోనసు, మానేయాలన్నా మానిపించాలన్నా ఇవ్వవలసిన గడువు రాసి, ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకుంటే చాలు. ఆమెకు చదవడం రాకపోతే ఆమె నమ్మే మనిషి ఎదుట చదివి వినిపించాలి.

జీతం లెక్కకు ఒక న్యాయమైన పద్ధతి ఉంది. రాష్ట్రం ప్రకటించిన నెల కనీస వేతనాన్ని 26 రోజులకూ, రోజుకు ఎనిమిది గంటలకూ పంచితే గంట రేటు వస్తుంది. ఉదాహరణకు నెలకు 15,600 అనుకుంటే రోజుకు 600, గంటకు 75. రోజూ రెండు గంటల పనికి నెలకు 3,900. ఇది కనీసం మాత్రమే. మెట్లెక్కి దిగి ఇంటింటికీ తిరిగే సమయానికి ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి, గంటల లెక్కన పనిచేసేవారికి దీనికన్నా ఎక్కువ ఇవ్వడమే సబబు. జీతం యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో ఇస్తే ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ రుజువు ఉంటుంది. అయితే ఖాతా ఆమె పేరిటే ఉండాలి, భర్తదో కొడుకుదో కాకూడదు.

గుర్తింపు పరిశీలన కోరడం యజమాని హక్కే. ఆధార్ కార్డు చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. అసలు కార్డును మాత్రం దాచుకోకూడదు. హైదరాబాద్‌లో పోలీసుల హాక్‌ఐ యాప్‌లో పనివారి వివరాలు నమోదు చేసే వీలుంది. అయితే పరిశీలన ఒకవైపే సాగుతోంది. ఆ ఇంట్లో మునుపు పనిచేసినవారు ఎందుకు మానేశారో, జీతం సరిగ్గా ఇస్తారో లేదో, ఇంట్లో తాగి గొడవ చేసేవారున్నారో లేదో తెలుసుకునే దారి పనికి వచ్చే స్త్రీకి తోటివారి మాట తప్ప వేరే లేదు. ఇంట్లో గొలుసు కనిపించకపోతే మొదట ఆమె సంచి వెతుకుతారు. అలా వెతికే అధికారం ఇంటివారికి లేదు. అనుమానముంటే ఫిర్యాదు చేయవలసింది పోలీసులకే.

వేరే గ్లాసు, వేరే పళ్లెం, కింద కూర్చోబెట్టడం, బాత్‌రూమ్ వాడనివ్వకపోవడం, అపార్టుమెంట్‌లో వేరే లిఫ్టు ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి డెబ్బై ఐదేళ్లు దాటింది. నాలుగు గంటలు పనిచేసే మనిషికి మూత్రశాల చూపించకపోవడం ఏ ఆచారమూ కాదు, అమానుషం.

బీమా, పింఛను విషయంలో యజమాని కొద్దిపాటి చొరవతో చాలా చేయవచ్చు. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవన్ జ్యోతి కింద రెండు లక్షల జీవిత బీమా దొరుకుతాయి. 18-40 ఏళ్ల మధ్య ఉండి నెలకు 15 వేలలోపు ఆదాయమున్నవారికి శ్రమయోగి మాన్‌ధన్ ఉంది. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే జమచేస్తుంది, అరవై దాటాక నెలకు మూడు వేల పింఛను వస్తుంది. ఆ వాటా యజమాని కట్టవచ్చు.

ఆయాలు, కేర్‌టేకర్లు, ఏజెన్సీలు

పసిపిల్లలకో పెద్దవాళ్లకో మనిషి కావాలంటే నగరాల్లో ఎక్కువమంది ఏజెన్సీలను ఆశ్రయిస్తారు. కుటుంబం ఇచ్చే డబ్బులో కొంత ఏజెన్సీ ఉంచుకుంటుంది. ఆ మనిషి చేతికి ఎంత అందుతుందో కుటుంబానికి తెలియదు, అడగరు. అడగాలి. ఒప్పందంలో రాయించుకోవాలి. నియామక ఏజెన్సీలను నియంత్రించడానికి ఛత్తీస్‌గఢ్ 2013లో, జార్ఖండ్ 2016లో చట్టాలు చేశాయి. అక్కడి గిరిజన బాలికలను నగరాల ఇళ్లకు తరలించిన ముఠాల వల్లే ఆ అవసరం వచ్చింది. కాబట్టి ఏజెన్సీ పంపిన అమ్మాయి వయసును ఆధార్‌తో, వీలైతే బడి సర్టిఫికెట్‌తో కూడా చూసుకోవాలి.

శిక్షణ విషయంలో ఒక తేడా తెలిసి ఉండాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ పొందినవారు రోగికి స్నానం చేయించడం, పక్క మార్చడం, తినిపించడం వంటివి చేయగలరు. ఇంజెక్షన్లు, సెలైన్ వంటివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు పని. ‘హోమ్ నర్స్’ అని పంపినంత మాత్రాన నర్సు కాదు, నమోదు సంఖ్య అడగాలి. మరోవైపు, మతిమరుపు వచ్చిన పెద్దాయన పక్కన రాత్రింబవళ్లు ఉండే కేర్‌టేకర్‌కు వరుసగా ఎనిమిది గంటల నిద్ర ఉండాలి, వారానికొక రోజు ఇంటివారిలో ఎవరో ఆ బాధ్యత తీసుకోవాలి. నిద్రలేని మనిషి చేతిలో రోగి కూడా క్షేమంగా ఉండడు.

గల్ఫ్‌కు వెళ్లేవారు

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, ఉభయ గోదావరుల నుంచి వేలమంది స్త్రీలు కువైట్, ఒమన్, ఖతర్ ఇళ్లలో పనికి వెళ్లారు, వెళ్తున్నారు. అక్కడ వారిని ఖద్దామా అంటారు. వీసా ఇచ్చి తెప్పించుకునే యజమాని కఫీల్. అతని అనుమతి లేకుండా వేరే చోట పనిచేస్తే పారిపోయినట్టు కేసు పడుతుంది.

1983 వలస చట్టం కింద, వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకు ముప్ఫై ఏళ్లు నిండనిదే గల్ఫ్‌లో ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. 2016 నుంచి అలాంటి స్త్రీల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఇందుకు ఉన్నాయి. ఒప్పందం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి. 275 రూపాయలతో రెండేళ్లకు పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. ఈ అంచెలన్నీ తప్పించడానికే సబ్ ఏజెంట్లు విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడి నుంచి ఇతర దేశాలకు తరలిస్తారు. అలా వెళ్లిన స్త్రీ పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఆపద వస్తే ఎంబసీకి ఆమె ఆచూకీ పట్టడమే గగనమవుతుంది. రక్షణ కోసం పెట్టిన వయసు నిబంధన ఇరవై అయిదేళ్ల పేద తల్లిని సరిగ్గా ఈ ఏజెంట్ల చేతుల్లోకే నెట్టింది. ఆ నిబంధన ఉండాలా అన్నది మళ్లీ ఆలోచించవలసిన విషయం.

కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపనికి రోజుకు 12 గంటల పరిమితి, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున ముగింపు పరిహారం ఇవ్వాలంది. పాస్‌పోర్టు లాక్కోవడాన్ని నిషేధించింది. 2018లో భారత, కువైట్ ప్రభుత్వాల మధ్య గృహ కార్మికులపై అవగాహన ఒప్పందమూ కుదిరింది. అమలు ఎంత బలహీనమో తిరిగొచ్చినవారు చెబుతూనే ఉన్నారు. 2018, 2024లో కువైట్ ప్రకటించిన క్షమాభిక్షల్లో ఇంటికి చేరినవారిలో మన జిల్లాల స్త్రీలు ఎందరో. అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. రాయచోటి స్త్రీకి కువైట్‌లో కాగితం మీదైనా ఉన్న వారపు సెలవు హక్కు, ఆమె హైదరాబాద్ వచ్చి ఇంట్లో ఉండి పనిచేస్తే ఏ కేంద్ర చట్టంలోనూ కనబడదు.

అమెరికాలో తెలుగు ఇళ్లు

అమెరికాలో పిల్లల కోసం ఆయాను పెట్టుకునే తెలుగు కుటుంబాలు అక్కడి చట్టం దృష్టిలో పూర్తి స్థాయి యజమానులు. 2025లో ఒక కార్మికురాలికి ఏడాదిలో 2,800 డాలర్లు లేదా అంతకు మించి ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద యజమాని 7.65 శాతం, ఉద్యోగి 7.65 శాతం కట్టాలి. షెడ్యూల్ హెచ్ ద్వారా లెక్క చూపాలి, డబ్ల్యూ-2 వేతన పత్రం ఇవ్వాలి, పని అర్హతకు ఐ-9 ఫారం నింపాలి. విజిటర్ వీసా మీద వచ్చినవారిని గానీ, పని అనుమతి లేని హెచ్-4 ఆశ్రిత వీసా వారిని గానీ నగదు ఇచ్చి పనిలో పెట్టుకోవడం ఇద్దరికీ చిక్కే. పట్టుబడితే ఎక్కువ నష్టపోయేది పనిచేసిన స్త్రీయే. న్యూయార్క్ రాష్ట్రం 2010లో గృహ కార్మికుల హక్కుల చట్టం చేసి, ఓవర్‌టైమ్, వారపు సెలవు ఖాయం చేసింది.

ఫిర్యాదులు, నమోదు

జీతం ఎగ్గొడితే సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు, జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ నంబరు 15100. హింస, వేధింపులకు మహిళా హెల్ప్‌లైన్ 181. పిల్లల్ని పనిలో పెట్టినట్టు తెలిస్తే 1098. విదేశంలో చిక్కుకున్నవారి కోసం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కుటుంబ సభ్యులు ఫిర్యాదు పెట్టవచ్చు.

వీటిలో ఏది పనిచేయాలన్నా ఆమె ఇంటిపని కార్మికురాలని చెప్పే ఆధారం ఒకటి ఉండాలి. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి పీఎఫ్, ఈఎస్‌ఐ లేని అసంఘటిత కార్మికులెవరైనా ఈ-శ్రమ్‌లో చేరవచ్చు. ఆధార్, దానికి కలిపిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే కామన్ సర్వీస్ సెంటర్‌లో అప్పటికప్పుడే పన్నెండంకెల సంఖ్యతో కార్డు ఇస్తారు. రుసుము లేదు, యజమాని మీద ఏ బాధ్యతా పడదు. మీ ఇంట్లో పనిచేసే మనిషికి ఆ కార్డు ఉందో లేదో ఈ నెల జీతం ఇచ్చేటప్పుడు అడగండి. లేకపోతే ఒక పూట జీతంతో సెలవిచ్చి వెంట వెళ్లి చేయించండి.